మధ్యాహ్నం మునిగిపోయే రేడియో

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. గద్వాలలో ముప్పై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాను. మనిషి కనబడని గొంతుకు ఝడుసుకునేవాడైతే ఈ పనిలో మొదటి రోజే గుండె ఆగి పోతాడు.

అయినా పోయిన చలికాలం నాకు జరిగిన అన్యాయం దయ్యానికి కూడా జరగకూడదు.

గట్టు అనే ఊళ్లో మరియమ్మ అని వేరుశనగ చేలకు కూలికి వెళ్లే ముసలమ్మ ఉంది. సద్ది తినే వేళ షార్ట్‌వేవ్‌లో దేవుని పాటలు వినకపోతే ఆమెకు ముద్ద దిగదు. సరిగ్గా ఆ వేళకే దాని గొంతు పడిపోతోందని రేడియో తెచ్చింది. కండెన్సర్లు మార్చాను, కాయిల్ మార్చాను, స్పీకర్ మార్చాను. పాతదాంట్లో మిగిలింది పిడి ఒక్కటే. సాయంత్రం ఏనుగులా ఘీంకరించింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ మూలుగే.

మూడోసారి వచ్చి, "లోపలి మంచి సామానంత నువ్వే మింగినవ్, దొంగ సచ్చినోడా!" అని అరిచింది. బజారే కాదు, రాయచూరు దాకా వినబడి ఉంటుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె రేడియో పక్కన కొట్టులోవి ఇంకో మూడు పెట్టి, అన్నిట్లో అదే స్టేషన్ పట్టి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టాను. అన్నీ బ్యాటరీ మీదే. ఆకాశంలో గోరంత మబ్బు లేదు. పన్నెండున్నరకు నాలుగూ ఒకేసారి, ఎవరో గొంగడి కప్పినట్టు మునిగిపోయాయి. బిజినేపల్లిలో తోటి మెకానిక్‌కు ఫోన్ చేస్తే అక్కడా అంతే.

మరియమ్మ గుమ్మంలోకి వెళ్లి పైకి చూసింది. "ఎల్లుండి సద్ది తినే యాల్లకు తేరుకుంటదిలే," అంది.

నాగర్‌కర్నూలులో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్‌ను అడిగాను. కింది గాలిలో పుట్టిన అలలు పైపైకి పాకి, ఎనభై కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్ అనే పైగాలి కింది పొరను కలియబెడతాయట. చలికాలం కొన్ని రోజులు మధ్యాహ్నం వేళ ఆ పొర రేడియో తరంగాలను మింగేస్తుందట. మింగింది ఆకాశం, దొంగను నేను! ఏ రోజు వదులుతుందో ముందుగా చెప్పడం మాత్రం తమ వల్ల కాదన్నాడు.

ఆమె చెప్పిన రోజున పన్నెండున్నరకు నాలుగు రేడియోలూ ఒక్కసారిగా గొంతెత్తాయి. మరియమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది.

"నీకెట్ల తెలిసిందవ్వా?"

"మీదికి చూస్తే తెల్వదా?" అని రేడియో చంకన పెట్టుకుంది. నడిబజారులో ఆగి, మళ్లీ అందరూ వినేలా అంది: "నువ్వు దొంగవు కాదులే కొడుకా. నీకు పని రాదు, గంతే."

ఆమె వెళ్లాక గుమ్మంలో నిలబడి, మెడ పట్టేసేదాకా పైకి చూశాను. నీలం తప్ప ఏమీ లేదు. అక్కడ ఆమెకు ఏం కనబడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.