గెలిచే జట్టులో అదనపు మనిషి

లుడ్విక్ జూపాన్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మరుసటి ఏడాదే క్లీవ్‌లాండ్‌లో, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్‌కి కొత్త జట్టు పుట్టింది. పుట్టిన ఏడే లీగులో మొదటి స్థానం కొట్టింది. రెండో ఏడూ కొట్టింది. సెయింట్ క్లెయిర్ వీధిలో స్లోవేనియా వాళ్ళు నడిపే బార్లలో అప్పటిదాకా పోల్కా పాటల గురించి, ఇనప తీగల మిల్లులో ఫోర్‌మన్‌ల గురించి తప్ప మాట్లాడనివాళ్ళు కూడా ఆదివారం సాయంత్రాలు బల్ల మీద ఉప్పుడబ్బీలూ గ్లాసులూ పేర్చి, ఎవడు ఎటు నుంచి దూసుకుపోయాడో ఒకరికొకరు చూపించుకోవడం మొదలుపెట్టారు.

లుడ్విక్ ఎద్దులా ఉండేవాడు. మెడ, భుజాలు ఒకటే. సైన్యం జట్టులో ఆడాడు, తిరిగొచ్చాక ఊళ్ళో కాలేజీ జట్టులో రెండేళ్ళు ఆడాడు. ముందు వరుసలో నిలబడి ఎదుటివాణ్ణి గుండెతో ఆపి, వెనక బంతి పట్టుకున్నవాడికి దారి చేసిపెట్టే పని వాడిది. దాన్ని గార్డు అంటారు. ఆ పని చేసేవాడి పేరు పేపర్లో రాదు. రాకపోయినా లుడ్విక్‌కి ఫరవాలేదు. పంతొమ్మిది వందల నలభై ఎనిమిది వేసవిలో పెద్ద జట్టు ఎంపికకు వెళ్ళాడు.

బాగానే ఆడాడు. అయితే లీగు నియమం ప్రకారం జట్టు ఇంతమందినే ఉంచుకోవాలి, ఒక్కడు కూడా ఎక్కువ కాకూడదు. ఆ సంఖ్య లుడ్విక్ ముందు మనిషితో నిండిపోయింది. అసిస్టెంట్ కోచ్ పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడు లుడ్విక్, నిన్ను వదులుకోవడం పెద్ద కోచ్‌గారికి ఇష్టం లేదు. వదిలేస్తే ఇంకో ఊరు పోయి మా మీదే ఆడతావు. మన ఓనరుగారికి టాక్సీ కంపెనీ ఉంది తెలుసుగా. అక్కడ జీతం తీసుకో, ఇక్కడ ప్రాక్టీసుకి రా. ఎవడైనా పడిపోతే నువ్వే."

"టాక్సీ నడపాలాండీ?"

"నడిపితే నడుపు, లేకపోతే లేదు. అడిగేవాడు లేడు."

అలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు. మిగతావాళ్ళు ఎవరూ టాక్సీ ముట్టుకోలేదు. లుడ్విక్‌కి మాత్రం పని చేయకుండా జీతం తీసుకోవడం మింగుడుపడలేదు. వాళ్ళ నాన్న ఆంటన్ ముప్ఫై ఏళ్ళుగా తీగల మిల్లులో ఒళ్ళు కాల్చుకుంటున్నాడు. ఆయన ముందు కూర్చుని ఉత్తి కూడు తినలేక, పొద్దున ప్రాక్టీసు చేసి, మధ్యాహ్నం నుంచి పసుపు టాక్సీ తోలేవాడు.

ప్రాక్టీసులో అతనికి ఒక వేషం ఇచ్చారు. ఆ ఆదివారం ఎవరితో ఆట ఉంటే ఆ జట్టు మనిషిలా ఆడాలి. బఫెలోతో ఆట ఉంటే బఫెలో గార్డు ఎలా వంగుతాడో, ఏ కాలు ముందు వేస్తాడో సినిమా వేసి చూపించేవాళ్ళు. మంగళవారం నుంచి శనివారం దాకా లుడ్విక్ ఆ మనిషి అయిపోయేవాడు. మరుసటి వారం శాన్‌ఫ్రాన్సిస్కో, ఆ మరుసటి వారం న్యూయార్క్. ఆటగాళ్ళు అతన్ని ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళు. "ఏం బఫెలో, ఇవాళ టిఫిన్ తినలేదా?" అని నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఆ ఏడాది జట్టు ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. ఓడిపోయిన ఊళ్ళన్నీ ముందుగా లుడ్విక్ ఒంట్లో ఓడిపోయాయి.

జట్టులో అతనికి ముందు చోటు దక్కిన గార్డు పేరు వార్నర్ ట్రిష్లర్. మాసిలన్ దగ్గర పాడి పెట్టుకున్న కుటుంబం. మెల్లగా మాట్లాడే మంచి మనిషి. రోజూ పొద్దున అతనూ లుడ్విక్ ఒకరినొకరు గుద్దుకునేవాళ్ళు, సాయంత్రం వార్నర్ లుడ్విక్ టాక్సీలోనే ఇంటికి పోయేవాడు. నలభై తొమ్మిది చివర్లో ఒకరోజు వెనక సీటులో కాళ్ళు చాపుకుని అన్నాడు:

"ఈ సీజనుతో మానేద్దామనుకుంటున్నానురా. నడుం లేవట్లేదు. మా మామగారు పాల వ్యాపారం చూసుకోమంటున్నాడు."

లుడ్విక్ అద్దంలోంచి అతని మొహం చూశాడు. "నిజంగానా?"

"నిజమేరా. నీకెందుకు అబద్ధం చెప్తాను? నా తర్వాత నువ్వేగా."

ఆ మాట లుడ్విక్ ఇంటికి తీసుకెళ్ళి భార్య మిల్కాకి చెప్పాడు. మిల్కా అల్లికల మిల్లులో స్వెటర్లకు చేతులు కుట్టేది. ఆ రాత్రి ఆమె వాల్‌నట్ రొట్టె చేసింది, పండగకి తప్ప చేయనిది.

జట్టు మళ్ళీ గెలిచింది. వరసగా నాలుగో ఏడు. తాము ఆడే లీగు దేశంలోని పెద్ద లీగులో కలిసిపోయి, ఇక పెద్ద జట్లతో ఆట అన్నారు. వార్నర్ వేసవిలో కనబడి భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్ద లీగురా. ఒక్క ఏడు చూసి పోతాను. ఇలాంటి జట్టు వదిలేసి ఎవడైనా పోతాడా చెప్పు." లుడ్విక్‌కి అతని మీద కోపం రాలేదు. తానైనా పోడు.

ఆ ఏడు పెద్ద లీగులోనూ క్లీవ్‌లాండే గెలిచింది, క్రిస్మస్ ముందు రోజు, గడ్డకట్టిన నేల మీద, ఆట ముగిసే క్షణాల్లో తన్నిన ఒక్క తన్నుతో. గెలిచినవాడు ఎలా మానతాడు? వార్నర్ ఉండిపోయాడు. యాభై ఒకటిలో ఫైనల్‌లో లాస్ఏంజలెస్ చేతిలో ఓడిపోయారు. అప్పుడు వార్నర్ అన్నాడు, "ఓడిపోయి మానేస్తే బావుండదురా. మళ్ళీ గెలిచి పోవాలి." యాభై రెండులోనూ ఫైనల్ దాకా వెళ్ళి డెట్రాయిట్ చేతిలో ఓడారు.

మిల్కా పళ్ళేలు తుడుస్తూ అంది, "గెలిస్తే ఉంటాడు, ఓడితే ఉంటాడు. మరి ఆయన పోయేదెప్పుడయ్యా?"

"ఆయన తప్పేముందే?"

"ఆయన తప్పని నేనన్నానా?"

ఆ ఫైనల్‌కి ముందే, చలి మొదలైన రోజుల్లో లుడ్విక్‌కి ఒక ఆలోచన వచ్చింది. వార్నర్ మోకాలు ఎటు తిరిగితే బలహీనమో ఈ ఊళ్ళో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రోజూ గుద్దుకునే మనిషి. ఒక అంగుళం పక్కకి తగిలితే చాలు. ఆలోచన వచ్చిన రోజు ప్రాక్టీసులో భయపడి ఎంత మెత్తగా ఆడాడంటే, అసిస్టెంట్ కోచ్ ఈల ఊది అందరి ముందూ తిట్టాడు. ఆదివారం చర్చిలో ఆ సంగతి ఫాదర్‌కి చెప్పుకోబోయి, చేసింది ఏమీ లేదు గదా అని ఊరుకున్నాడు.

యాభై మూడు వసంతంలో గ్రీన్ బే జట్టు నుంచి మనిషి వచ్చాడు. మాకు గార్డు కావాలి, వస్తావా అన్నాడు. టాక్సీ జీతం వద్దు, అసలు జట్టులోనే చోటు. మొదటి ఆట నుంచే ఆడిస్తాం అన్నాడు. మిల్కా ఆ రోజే అటక మీంచి పెట్టె దింపింది.

లుడ్విక్ రెండు వారాలు ఏ మాటా చెప్పకుండా తిరిగాడు. చివరికి ఆమే అడిగింది.

"ఏమంటావు?"

"అది ఓడిపోయే జట్టే, మిల్కా."

"ఓడిపోయినా ఆడేది నువ్వేగా."

"అక్కడికి పోయి ఓడిపోవడం దేనికి? ఇక్కడ మనం గెలుస్తున్నాం."

మిల్కా అతని వైపు తిరిగింది. "మనం అంటే ఎవరయ్యా?"

ఆ మాట ఎందుకన్నాడో అతనికే సరిగా తెలియదు. బఫెలో అయి, న్యూయార్క్ అయి, డెట్రాయిట్ అయి అయిదేళ్ళు కిందపడ్డ మనిషికి, పడేసినవాళ్ళ పక్కన నిలబడడమే గెలుపు అనిపించే అలవాటు అయిపోయింది. పెట్టె మళ్ళీ అటకెక్కింది. ఆ ఏడు గ్రీన్ బే పన్నెండు ఆటల్లో రెండే గెలిచింది. చూశావా అన్నట్టు లుడ్విక్ పేపర్ మిల్కా ముందు పెట్టాడు. ఆమె దాని మీద ఉల్లిపాయలు తరిగింది.

యాభై నాలుగు డిసెంబరులో, ఫైనల్‌కి రెండు రోజుల ముందు, అదనపు గార్డుగా జట్టులో ఉన్న కుర్రాడికి జ్వరం తగిలింది. అసిస్టెంట్ కోచ్ లుడ్విక్‌ని పిలిచి జెర్సీ చేతిలో పెట్టాడు. నంబరు ఉన్న జెర్సీ. ప్రాక్టీసులో వేసుకునే రంగు బనీను కాదు.

తండ్రి ఆంటన్ అప్పటిదాకా ఒక్క ఆటకీ రాలేదు. ఒళ్ళున్నవాడు పని చేసుకోవాలి గానీ ఆటలేమిటి అనేవాడు. ఆ రోజు మాత్రం కోటు కింద మూడు స్వెటర్లు తొడుక్కుని, మిల్కా చెయ్యి పట్టుకుని స్టేడియం మెట్లెక్కాడు. సరస్సు మీంచి గాలి కోస్తోంది. అంత పెద్ద స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీ. క్రిస్మస్ మరునాడు కావడం వల్లనో, గెలుపులు చూసి చూసి ఊరికి మొహం మొత్తడం వల్లనో, జనం రాలేదు.

ఎదుటివాళ్ళు డెట్రాయిట్. రెండేళ్ళు వరసగా క్లీవ్‌లాండ్‌ని ఫైనల్లో కొట్టిన డెట్రాయిట్. ఆ రోజు వాళ్ళకి ఏదీ కలిసిరాలేదు. సగం ఆట అయ్యేసరికే పోటీ లేదు. ఆటలోని నాలుగు భాగాల్లో మూడోది ముగిసేసరికి స్కోరు చూసినవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. బెంచీ మీద కూర్చున్న లుడ్విక్ కాళ్ళు రెండూ నేలకేసి కొట్టుకుంటున్నాడు, చలికి కాదు. చివర్లో ఒక్కొక్కర్నీ లేపి లోపలికి పంపుతున్నారు. వార్నర్ బయటికొచ్చి, దుప్పటి కప్పుకుంటూ, "పోరా, నీదే," అన్నాడు.

ఏడు సీజన్ల తర్వాత లుడ్విక్ గీత దాటి లోపలికి పరిగెత్తాడు.

ఎదురుగా నిలబడ్డవాడు అతనికి బాగా తెలుసు. వాడు వంగే తీరు, ఎడమ భుజం ముందు దించే తీరు, అన్నీ వారం రోజులుగా లుడ్విక్ వేసిన వేషమే. వాణ్ణి ఎలా పడగొట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. మొదటిసారి గుద్దుకున్నప్పుడు వాడు వెల్లకిలా పడ్డాడు. లేచి, ముక్కు దగ్గర రక్తం తుడుచుకుని, మళ్ళీ వచ్చి వంగాడు. వంగి, లుడ్విక్ మొహంలోకి చూస్తూ మెల్లగా అన్నాడు:

"మెల్లగా కానీ అన్నా. అయిపోయింది గదా. పొద్దున లేచి ఇంటికి పోవాలి నేను."

అడుక్కున్నట్టు అనలేదు. కోపంగానూ అనలేదు. పని దిగేముందు పక్కవాడితో అన్నట్టు అన్నాడు. లుడ్విక్‌కి ఏం చేయాలో తోచలేదు. బంతి కదిలింది. చేతులు ముందుకు పోయాయి గానీ వాటిలో బలం పెట్టలేదు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, పోట్లాడుతున్నట్టు కనిపించేంతసేపు నిలబడి వదిలేశారు. మిగిలిన కాసేపూ అలాగే గడిచింది. ఈల ఊదారు. క్లీవ్‌లాండ్ యాభై ఆరు, డెట్రాయిట్ పది.

ఇంటికొచ్చేసరికి ఆంటన్ పొయ్యి దగ్గర కాళ్ళు కాచుకుంటున్నాడు. మిల్కా ముల్లంగి తురిమి, సాసేజీలు ఉడకబెట్టి పెట్టింది.

"ఎప్పుడొచ్చారు?" అన్నాడు లుడ్విక్.

"మూడో భాగం అవగానే లేచాం. తేలిపోయిందిగా, ఇంకేం చూస్తాం," అన్నాడు ముసలాయన. "నా పాదాలు చచ్చుబడిపోయాయిరా. ఈ పిల్ల లేకపోతే ఆ మెట్లు దిగేవాణ్ణి కాదు."

లుడ్విక్ కోటు విప్పి తగిలించాడు. "చివర్లో నేను దిగాను."

మిల్కా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎంతసేపు?"

"కాసేపు."

"ఎలా ఆడావు?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాసేజీ కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మిల్కా ఇంకోసారి అడగలేదు.

యాభై అయిదులో మళ్ళీ ఫైనల్, మళ్ళీ గెలుపు. పదేళ్ళలో పది ఫైనళ్ళు. ఇలాంటిది ఏ ఊరూ చూడలేదని పేపర్లు రాశాయి. ఆ గెలుపుతో వార్నర్ నిజంగానే మానేసి పాల వ్యాపారానికి పోయాడు. పోతూ లుడ్విక్‌ని కౌగలించుకుని, "ఇక నీదే రా," అన్నాడు. మనసారానే అన్నాడు.

వేసవి శిబిరంలో లుడ్విక్ పక్కన కొత్త కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళు. లుడ్విక్ అడుగు వేసేలోపు వాడు రెండడుగులు వేసేవాడు. మొదటి వారంలోనే అందరికీ అర్థమైంది, లుడ్విక్‌కి అందరికంటే ముందు అర్థమైంది. అసిస్టెంట్ కోచ్ నేల చూస్తూ చెప్పాడు.

"నీకెంత, ముప్ఫై నాలుగా?"

"అవునండీ."

"టాక్సీ కంపెనీలో నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. నేను మాట్లాడతాను."

"అక్కర్లేదండీ. వాళ్ళకి నేను తెలుసు," అన్నాడు లుడ్విక్.

ఆ ఏడే జట్టు కూలింది. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. ఓడిపోయే జట్టులోనైనా తాను ఆడి ఉంటే బావుండునని లుడ్విక్‌కి అప్పుడు అనిపించిందో లేదో మిల్కాకి తెలియదు. సైన్యంలో బూట్లు తుడిచినట్టు రోజూ పొద్దున టాక్సీ అద్దాలు తుడుచుకుని వెళ్ళేవాడు. ఎక్కినవాళ్ళు ఆ పాత రోజుల గురించి ఎత్తితే, "అవునండీ, బాగా ఆడేవాళ్ళు," అనేవాడు. ఒకసారి మాత్రం ఒక పెద్దమనిషితో తానూ ఆ జట్టువాణ్ణేనని అన్నాడు. ఆయన పేరడిగి, కాసేపు ఆలోచించి, "అలాంటి పేరు వినలేదే," అని, కిరాయి ఇచ్చి దిగిపోయాడు. మళ్ళీ ఎవరితోనూ అనలేదు.

ఆంటన్ పోయాడు. మిల్కా పనిచేసే మిల్లు దక్షిణాదికి తరలిపోయింది. ఆమె చర్చి వంటగదిలో పనికి కుదిరింది. వార్నర్ క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు, తర్వాత అతని భార్య పంపేది, తర్వాత రాలేదు.

అరవై నాలుగులో ఊరి జట్టు మళ్ళీ ఒకసారి ఫైనల్ గెలిచింది. ఆ సాయంత్రం యూక్లిడ్ అవెన్యూ మీద బళ్ళు కదల్లేదు. జనం హారన్లు మోగిస్తూ రోడ్డు మీద పడ్డారు. లుడ్విక్ టాక్సీలో ఉన్నావిడ ఇక నడిచిపోతానని దిగిపోయింది. ఒక కుర్రాడు బీరు సీసాతో బానెట్ మీద చరుస్తూ కిటికీలోకి వంగాడు.

"ఏం పెద్దాయనా, మూతి ముడుచుకున్నావు? మనం గెలిచాం. మళ్ళీ ఆ పాత రోజులే, చూస్తుండు. ఏటేటా ఇదే."

"అలాగే బాబూ," అన్నాడు లుడ్విక్.

ఆ ఊరికి ఆ రోజులు మళ్ళీ రాలేదు. ఆ సంగతి అప్పుడు ఆ కుర్రాడికీ తెలియదు, లుడ్విక్‌కీ తెలియదు. మీటరు కట్టేసి, గుంపు పలచబడేదాకా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు రెండు వంగిపోయి ఇక తిన్నగా అయ్యేవి కావు.

ఇంటికి పోయేసరికి మిల్కా సూప్ వెచ్చబెట్టి కూర్చుంది.

"ఇంతసేపైందేం? వీధిలో ఆ గోలేమిటి?"

"గెలిచారట," అన్నాడు లుడ్విక్, బూట్లు విప్పుకుంటూ.