చిప్పు అనుకున్న గడ్డ

2022 ఎండాకాలం. ప్రొద్దుటూరులో సొంతంగా పశువుల క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. బర్రెలకూ గొర్రెలకూ అలవాటుపడిన చేతులు నావి. పెంపుడు పిల్లులు రావడం అప్పుడప్పుడే మొదలైంది.

ఒకరోజు ఉదయం జమ్మలమడుగు నుంచి షమీమ్ అనే ఆమె బుట్టలో నారింజరంగు పిల్లిని పెట్టుకుని బస్సులో వచ్చింది. కువైట్‌లో ఒక ఇంట్లో ఎనిమిదేళ్లు పాపను చూసుకునే పని చేసిందట. ఆ కుటుంబం వేరే దేశానికి పోతూ పిల్లిని ఈమెకే ఇచ్చేసింది. దాని పేరు మిష్మిష్. విమానం ఎక్కించడానికి అక్కడ మైక్రోచిప్ వేయించారు. బియ్యపు గింజంత గాజు గొట్టం అది, లోపల ఒక నంబరు ఉంటుంది. లావుపాటి సూదితో భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు.

“ఈడ ఏందో గట్టిగా తగులుతాంది సార్. చిప్పు వల్ల క్యాన్సర్ వస్తాదని మా మరిది ఫోన్లో చూపిచ్చినాడు. తీసేయండి.”

వేలితో తడిమాను. శనగ గింజంత ఉంది.

“అదే చిప్పమ్మా. ఫోన్లో వచ్చేవన్నీ నమ్మాకండి. ఏం కాదు” అన్నాను, నవ్వుతూ.

చిప్పు నంబరు చదివే స్కానర్ నా దగ్గర లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పాలని తోచనూ లేదు.

రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. గడ్డ ఉసిరికాయంత అయింది.

“మీరు ఏం కాదంటిరని ఊరికే ఉన్నాను సార్. పెరుగుతానే ఉండాది.”

చిప్పు పెరగదు. మర్నాడే ఆమెతో కలిసి తిరుపతి పోయాను. అక్కడ పిల్లులకు, కుక్కలకు ఆపరేషన్లు చేసే నా క్లాస్‌మేట్ ఉన్నాడు. అతను గడ్డ మీద స్కానర్ ఆడించాడు, శబ్దం రాలేదు. మెల్లగా కిందికి జరిపాడు. కుడి ముందుకాలి మోచేయి దగ్గర బీప్ అంది. చిప్పు ఎప్పుడో జారి అక్కడికి చేరింది. నేను చిప్పన్నది అసలు చిప్పే కాదు.

బయాప్సీ చేశారు, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. సార్కోమా అని వచ్చింది. చర్మం కింది కణజాలంలో పుట్టే క్యాన్సర్ అది. చుట్టూ బాగా వెడల్పుగా కోసి తీసేశారు.

ఆపరేషన్ అయ్యాక బయట బెంచీ మీద షమీమ్ అడిగింది. “చిప్పు వల్లనేనా సార్?”

“చెప్పలేమమ్మా. ప్రయోగశాల ఎలుకల్లో చిప్పు చుట్టూ గడ్డలు కనిపించినాయి. పిల్లుల్లో, కుక్కల్లో శానా అరుదు. పిల్లులకు టీకా సూది వేసిన చోట కూడా అప్పుడప్పుడు వస్తాది. దీనికి రెండూ ఆడే వేసినారు.”

“మొదట వచ్చినప్పుడే చూసింటే?”

“చిన్న కోతతో పోయేదేమో. చూడకుండానే చెప్పినాను. తప్పు నాది.”

ఆమె కోప్పడలేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. “మా మరిది మాట నేనూ పూర్తిగా నమ్మలేదు సార్. మీ మాట నమ్మితి” అంది.

మోచేయి దగ్గరి చిప్పును తీయించమంటుందేమో అనుకున్నాను. వద్దంది. ఆ నంబరు కింద యజమానిగా రాసినది కువైట్‌లో తను చూసుకున్న పాప పేరట.

మిష్మిష్ ఇంకో ఏడాదిన్నర బతికింది. గడ్డ తిరిగి వచ్చింది, ఈసారి కోయడానికి వీలు లేకపోయింది. చివరి రోజు జమ్మలమడుగుకు నేనే వెళ్లాను.

ఇప్పుడు చిప్పు ప్రమాదమా అని ఎవరైనా అడిగితే తెలిసినంతే చెబుతాను. కొన్నాళ్లు వాపు ఉండొచ్చు, జారొచ్చు, చాలా అరుదుగా గడ్డ కావచ్చు. తప్పిపోయిన జంతువు ఇల్లు చేరడానికి అదే ఆధారం కూడా. గడ్డ కనిపిస్తే కొలిచి రాసుకుంటాను, నెలలోపు మళ్లీ రమ్మంటాను. ఫోన్లో చూసి భయపడి వచ్చినవాళ్లను చూసి నవ్వడం మానేశాను. వాళ్ల భయానికి కారణం తప్పు కావచ్చు. వాళ్ల వేలికి తగిలినది మాత్రం నిజం.