అమ్మ ఎదుటి రోకలి

నా చేతులు ఒకదాని మాట ఒకటి వినేవి కావు. కుడిచేత్తో గిన్నె అందుకుంటే ఎడమచేతిలో చెంబు జారేది. జడ అల్లుకోబోతే ముడి పడేది. తాడాటలో నా వంతు వచ్చిందంటే తోటి పిల్లలు ముందే నవ్వడం మొదలుపెట్టేవాళ్ళు. మా నాయనమ్మ అయితే, "దీని చేతులు ఇంకా దీనికి పరిచయం కాలేదు," అని తేల్చేసింది.

అవి డెబ్బైల నాటి రోజులు. తల్లాడ దాటి, అడవి మొదలయ్యే వైపు మా ఊరు. వానాకాలం వాగు పొంగితే రైసుమిల్లుకు దారి ఉండదు, వడ్లు ఇంట్లో దంచుకోవాల్సిందే. పెరట్లో భూమిలో పాతిన రోలు, గింజ చిందకుండా దానిమీద కుందెన. అటు అమ్మ, ఇటు గూడెం నుంచి మా పొలంలో నాట్లకు వచ్చే అక్క. ఒకరి రోకలి లేస్తే ఇంకొకరిది పడేది. అంత ఇరుకు రోట్లో ఆ రెండూ ఎన్నడూ తగిలేవి కావు. నాకు అమ్మ ఎదురుగా నిలబడి అట్లా దంచాలని ఉండేది. ఇంకే ఆటలో ఓడిపోయినా పర్వాలేదు, అదొక్కటి మాత్రం కావాలి.

అంతకు ముందు ఏడు మొండికేసి రోకలి పట్టాను. నాది అమ్మ రోకలికి తగిలి, పక్కకు జారి, దాని కొసకున్న ఇనప పొన్ను ఆమె కాలి బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడి ఊడిపోయింది. అమ్మ తిట్టలేదు. కానీ అప్పటినుంచి నేను రోలు దగ్గరికొస్తే చాలు, కాళ్ళు వెనక్కి తీసుకునేది. "దూరం జరుగు బిడ్డా. ఉన్న గోళ్ళన్న మిగలనీ నాకు," అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని గానీ, ఆ కాళ్ళు వెనక్కి పోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉండేది.

నాయనమ్మ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి, చివరిదాకా ఆ యాసే మాట్లాడింది. ఒకరోజు అరుగు మీద కూర్చుని నన్ను గమనించి పిలిచింది.

"ఏం చూస్తున్నావే అంతసేపు?"

"రోకళ్ళని."

"రోకల్ని చూస్తే ఏమొస్తుందే పిచ్చిమొహమా, అది కొయ్యముక్క. మీ అమ్మ భుజం చూడు. ఊపిరి విను. నువ్వేం పట్టుకోబాకు, ఊరికే చూడు."

చూశాను. భుజం లేచేముందు అమ్మ మెడ కొంచెం వెనక్కి వాలేది. రోకలి పడేటప్పుడు "హుఁ" అని ఊపిరి వదిలేది. ఆ వెంటనే అక్క చేతులు దిగేవి. ఇన్నాళ్ళూ చూస్తున్నానని అనుకున్నానే గానీ ఇదేమీ నా కంటబడలేదు.

మధ్యాహ్నాలు నులకమంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని, అదంతా మళ్ళీ చూసేదాన్ని. ఈసారి అక్క చోట నన్ను నిలబెట్టుకునేదాన్ని. విచిత్రమేమిటంటే నా ఊహలో కూడా రోకళ్ళు కొట్టుకునేవి! మనసులో కూడా నేను ఇంతేనా అని ఒళ్ళు మండేది. మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. గాల్లో ఆడుతున్న నా చేతులు చూసి నాన్న, "పిల్లకు గాలి గిట్ల సోకిందా ఏంది?" అని కంగారుపడ్డాడు. "దంచుకుంటోందిలే, లేపబాకు," అంది నాయనమ్మ. ఇప్పుడు పిల్లలకు ఆటలు నేర్పేవాళ్ళు, ముందు బాగా చూడండి, తర్వాత మనసులో చేసుకోండి అంటుంటే నాకు ఆ మంచమే గుర్తొస్తుంది. రానురాను ఊహలో చప్పుడు కుదిరింది. అమ్మ ఊపిరి వదిలితే నా చేతులు దిగేవి.

ఒకసారి ముసురు పట్టి, వాగు దాటలేక అక్క రాలేదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అమ్మ ఒక్కతే దంచుతోంది.

"నేను పట్టుకోనా?" అన్నాను.

అమ్మ నన్ను చూసింది, తర్వాత తన కాళ్ళు చూసుకుంది. "సరే పట్టు. జల్దీ చెయ్యకు," అని బాగా వెనక్కి జరిగి నిలబడింది.

నేను వెంటనే రోకలి ఎత్తలేదు. అమ్మ పోట్లు కొన్ని పోనిచ్చాను. మెడ వాలింది, భుజం లేచింది, "హుఁ". నేను దించాను. తగల్లేదు. ఇంకోటి వేశాను, అదీ తగల్లేదు. సంతోషానికి ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే భుజం కనబడదని ఆపుకున్నాను.

కాసేపటికి వడ్లు రోటి అంచులకు ఎగదన్నాయి. వాటిని మధ్యలోకి తోయాలి. ఎదురుగా ఉన్నది చేయి తిరగని మనిషైతే ఆగమని చెప్పి తోస్తారు. అమ్మ ఆగమనలేదు. తన రోకలిని ఒక చేత్తో పక్కకు పట్టుకుని, వంగి, నా రోకలి పైకి లేవగానే రెండో చెయ్యి రోట్లో పెట్టి గింజలు తోసింది. చెయ్యి బయటికొచ్చింది, నా రోకలి పడింది. అది మళ్ళీ లేవగానే మళ్ళీ చెయ్యి పెట్టింది. తలెత్తి నా వైపు చూడనైనా లేదు.