నాప్లా ఇచ్చిన ఉదాహరణ

ఐర్లండ్ మొత్తానికి ‘మకాన్త’ అనే మాటను సరిగ్గా పలకగలిగేది నాప్లా ఒక్కతే. సరే, ఒక్కతే అంటే ఎక్కువైంది. పడమటి తీరంలో ఇంకో నలుగురుంటారేమో. ఐరిష్ భాషలో నిజాయితీగల అని దాని అర్థం. నిఘంటువు పని మీద డబ్లిన్ నుంచి వచ్చిన అమ్మాయికి, ఉప్పుకు పగిలిన వేళ్లతో సముద్రపు నాచు ఆరబెడుతూనే ఆమె పాఠం చెప్పింది. “పసివాణ్ణి పిలిచే మాటలోంచి పుట్టింది తల్లీ ఇది. అబద్ధం నేర్వని వయసు కదా! ముందు మనిషిని చెప్పాలి, గుణం వెనకాల రావాలి. ఆడమనిషి వెనకైతే మొదటి అక్షరం మెత్తబడుతుంది.”

“మరి మగమనిషికి ఒక ఉదాహరణ చెప్పవ్వా,” అంటూ ఆ అమ్మాయి టేపు రికార్డరు ముందుకు జరిపింది. నాప్లా చాలాసేపు నాచు తిరగేసింది. పక్కింటి ఫేహీన్‌తో ఆమెకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. అతని గొర్రె ఆమె క్యాబేజీ మడంతా మేసేసింది. ఎవరూ చూడకపోయినా అతనే వచ్చి ఒప్పుకుంటే, తిట్టి మొహం మీదే తలుపేసింది. “మా ఫేహీన్ ఉన్నాడే, మనిషి మకాన్త,” అంది చివరికి, నాచు వైపే చూస్తూ.

నెల తిరక్కుండా ఆ టేపు రేడియోలో వచ్చింది. మర్నాడే ఫేహీన్ టోపీ నలుపుకుంటూ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. “రేడియోలో నన్నేదో మెచ్చుకున్నావే నాప్లా?”

“నేనా? నిన్నా?”

“నీ గొంతే. ఈ చెవులతో విన్నాను.”

ఆమె పొయ్యి దగ్గరి కుర్చీ శాలువా అంచుతో దులిపి అతని వైపు తోసింది. “నీ చెవుల్లో గుబిలి పేరుకుపోయింది. ఏ అమ్మాయీ రాలేదు, నేనేమీ చెప్పలేదు. అసలా మాటే నాకు తెలీదు.”