ఏలూరు ఆఫీసులో సీనియారిటీ ప్రకారం మరణాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం డిపో నుంచి ఏలూరు ఏరియా ఆఫీసుకి ట్రైనింగ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. మాది చేపల మేత తయారుచేసే ప్రైవేటు కంపెనీ. ట్రైనింగ్ ఆఫీసరంటే పెద్ద హోదా ఏమీ కాదు. ఏరియా మేనేజరుకి రెండు గ్రేడులు కింద. కుర్చీకి మాత్రం చేతులుంటాయి. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

వెళ్ళగానే నాకు అప్పగించింది ఒక అట్టపెట్టె. హెడ్డాఫీసు నుంచి వచ్చింది. విప్పితే పటాలు, రకరకాల పాచికలు, దిండంత రూల్స్ పుస్తకం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే సాహసాల ఆట అది. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుంటారు. ఎదురుగా ఏముందో ఆట నడిపేవాడు చెబుతాడు, తామేం చేస్తారో వాళ్ళు చెబుతారు, పని జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. సిబ్బంది స్వభావాలు ఇందులో బయటపడతాయని హెడ్డాఫీసు నమ్మకం. నా నమ్మకం సంగతి అడగకండి. నాకు రూల్సే బుర్రకెక్కలేదు.

అర్థమైనంతవరకు చెబుతాను. ప్రతి పాత్రకీ ఆరు లక్షణాలు: బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, గమనింపు, ఆకర్షణ. ఒక్కొక్కదానికీ ఒక అంకె. దారిలో ఉచ్చులుంటాయి. ఉచ్చును కనిపెట్టడానికి గమనింపు కావాలి, అదెలా పనిచేస్తుందో ఊహించడానికి తెలివి, చేత్తో విప్పడానికి చురుకుదనం. ఇవేవీ లేకపోతే అందులో పడి బతకడానికి ఓర్పు. నాలుగూ ఒక్క మనిషికి ఉండవు కాబట్టి నలుగురు కలిసి వెళ్ళాలి.

మా నలుగురు వీళ్ళు. ఏరియా మేనేజర్ సత్యనారాయణగారు, సేల్స్‌లో సీనియర్ రాజుగారు, అకౌంట్స్ బుచ్చిబాబు, ఫీల్డ్ టెక్నీషియన్ దుర్గ. దుర్గది మండవల్లి. ఇంటికి ఆ పిల్ల జీతమే ఆధారం. అప్పటికి ప్రొబేషన్‌లో ఉంది, అంటే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "చూసింది చూసినట్టు వెంటనే చెప్పదు" అని సత్యనారాయణగారు ఆమె మీద రాశారు. ఆట చూశాక నా అభిప్రాయం కూడా పంపమంది హెడ్డాఫీసు. నేనూ అదే మాట రాస్తే దుర్గ ఇంటికి వెళ్ళిపోవాల్సిందే.

పాత్రలు పంచడంలోనే గందరగోళం మొదలైంది. తెలివి ఎక్కువున్నది తనకే కావాలన్నారు సత్యనారాయణగారు. అది మంత్రగాడి పాత్ర. తెలివి పద్దెనిమిది, ఓర్పు నాలుగు. ఆకర్షణ చూసి గాయకుణ్ణి తీసుకున్నారు రాజుగారు. బుచ్చిబాబుకి యోధుడు దక్కాడు. గమనింపూ చురుకుదనమూ దండిగా ఉన్న దొంగ పాత్ర దుర్గకి మిగిలింది. "దొంగ వేషం నాకెందుకండీ, మా అమ్మ వింటే బాగోదండీ," అంది. ఆఫీసు పనేనమ్మా అని సర్ది చెప్పాను.

పుస్తకంలోని కోట పేరు నాకు నోరు తిరగలేదు. అందుకని కథని కొల్లేరు అడుగుకి మార్చేశాను. కైకలూరు వైపు నీళ్ళ కింద ఒక కోట ఉందని, మా మేనమామ పడవ దాని బురుజుకే తగిలిందని చెప్పాను. సాక్ష్యం కావాలన్నాడు బుచ్చిబాబు. సాక్షి పడవతో సహా మునిగిపోయాడన్నాను. ఇక అడగలేదు.

కోటలో ఇరుకైన దారి. ఒకరి వెనక ఒకరు నడవాలి. ఉచ్చుల్ని కనిపెట్టగలిగే దొంగ ముందుండాలని పుస్తకం మొదటి పేజీలోనే ఉంది, చదివి వినిపించాను కూడా. అయినా రాజుగారు లేచి, "మీరు పదండి సార్," అన్నారు. సత్యనారాయణగారు ముందు నడిచారు. వెనక రాజుగారు, ఆ వెనక బుచ్చిబాబు, చివర దుర్గ. చెరువు గట్ల మీద మావాళ్ళు నడిచే వరస అదే. పెద్దాయనని దాటి ముందుకెళ్ళడం ఎవరికీ అలవాటు లేదు.

దుర్గ తరఫున నేను పాచిక వేశాను. ఆమెకి ఉచ్చు కనబడిందని తేలింది. రూలు ప్రకారం ఆమెని వరండాలోకి పిలిచి, ముందున్న పలక కింద గొయ్యి ఉందని రహస్యంగా చెప్పాను. తిరిగొచ్చి కూర్చుంది. ఒక్క మాట అనలేదు. సత్యనారాయణగారు పలక మీద కాలు పెట్టారు. ఓర్పు నాలుగే కదా, పోయారు.

చనిపోయినవాళ్ళు మాట్లాడకూడదని రూలు. ఆ సంగతి ఏరియా మేనేజరుకి చెప్పే గ్రేడు నాది కాదు. ఆయన గొయ్యిలోంచే ఆర్డర్లు వేస్తూంటే, దెయ్యాలు సలహా ఇవ్వొచ్చని నేనే కొత్త రూలు పెట్టాను.

తర్వాతి సీనియర్ రాజుగారు. దుర్గని మళ్ళీ వరండాలోకి పిలిచాను, మళ్ళీ వచ్చి మౌనంగా కూర్చుంది, గోడలోంచి బాణం వచ్చి రాజుగారు పోయారు. బుచ్చిబాబు, "ఇంక నేనేనాండీ," అంటూ ముందుకెళ్ళి పైకప్పు కింద నలిగాడు. నాకు మతి పోయింది. ఉచ్చులు సర్వీసు రికార్డులు చూసి మరీ పట్టుకుంటున్నాయా అనిపించింది. అంతకన్నా అర్థం కానిది దుర్గ. తెలిసీ చెప్పలేదంటే సత్యనారాయణగారు రాసిందే నిజమన్నమాట.

సత్యనారాయణగారికీ కోపం వచ్చింది. "వరండాలో ఈయన నీకు చెబుతూనే ఉన్నారు కదమ్మా. ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"మీ ముగ్గురూ ముందుండగా చెప్పలేనండీ. ఇప్పుడు అందరూ పోయారు కాబట్టి చెబుతున్నాను," అంది దుర్గ.

రాజుగారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

"మబ్బు పట్టిన రోజు కైకలూరు చెరువు మీద చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ. నీళ్ళలో గాలి తగ్గింది, ఇవాళ మేత ఆపుదామండీ అన్నాను. నిన్నెవరు అడిగారు అన్నారు మీరు, రైతు ముందు. ఆ రైతు నవ్వాడండీ. అప్పట్నుంచి పెద్దవాళ్ళెవరు ముందున్నా నాకు నోరు రాదండీ."

"అన్నానా నేను?" అన్నారాయన బుచ్చిబాబు వైపు తిరిగి.

"అన్నారండీ. నేనూ అక్కడే ఉన్నాను," అన్నాడు బుచ్చిబాబు. "పోయాను కదా అని చెబుతున్నాను, మరోలా అనుకోకండి."

ఆయన పాచికని నా వైపు తోసి, "సరే, ఆట కానివ్వండి," అన్నారు.

అప్పుడు నడిచింది దుర్గ, ముందెవరూ లేకుండా. తలుపు గొళ్ళేనికి కట్టిన తీగని తనే చూసింది, తనే విప్పింది. ఆ తర్వాతి ఉచ్చు దగ్గర మూడు దెయ్యాలూ ఒకేసారి సలహా ఇచ్చాయి. ఎడమ అని ఒకరు, కుడి అని ఒకరు, రిపోర్టు రాయించుకుని వెనక్కి వచ్చేయమని ఒకరు. దుర్గ ఎవరి మాట వినాలో తేల్చుకునేలోపు పాచిక వేయాల్సి వచ్చింది. ఇరవై ముఖాల పాచిక మీద రెండే పడింది. ఆమె కూడా పోయింది. మొత్తం జట్టు సీనియారిటీ వరస తప్పకుండా పోయింది.

నా అభిప్రాయం రాయడానికి చాలా తికమకపడ్డాను. దుర్గ చెప్పలేదన్నది నిజం, దాచలేను. చెప్పకుండా చేసింది ఎవరో కూడా నిజమే, అది రాస్తే నా కుర్చీ చేతులు ఊడతాయి. చివరికి రెండూ రాశాను. ఫీల్డ్ విజిట్లలో టెక్నీషియన్ని ముందు నడిపించి ప్రొబేషన్ పొడిగిస్తే అసలు సంగతి తెలుస్తుందని చేర్చాను. ఏరియా మేనేజర్ సంతకం లేకుండా అది పైకి వెళ్ళదు. సత్యనారాయణగారు నిలబడే చదివారు. "నన్ను చంపింది కాక ఇదొకటా," అన్నారు. సంతకం పెట్టారు.

ఆ తర్వాత గట్ల మీద ఆయన దుర్గ వెనక నడిచేవారు. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది. ఆమె నాలుగడుగులకోసారి పక్కకి తప్పుకునేది, ఆయన నడువమ్మా అని విసుక్కునేవారు. పొడిగింపు అయ్యాక ఉద్యోగం ఖాయం చేశారు. హెడ్డాఫీసు మాత్రం నలుగురు చనిపోయినా శిక్షణ విజయవంతం అని ఎలా రాశారో వివరణ ఇవ్వమంది. ఇచ్చాను. వాళ్ళకి అర్థమైనట్టు లేదు.

ఎవరికి ఏ లక్షణం ఎంత ఉందో అంకెలు వేసి చూడటం ఆ ఉద్యోగంలో నాకు అలవాటు. ఆ ఆట తర్వాత అంకె వేసేముందు, ఆ మనిషి వరసలో ఎక్కడ నిలబడ్డాడో చూసేవాణ్ణి. మనిషిని వెనక నిలబెట్టి, ముందున్నది చెప్పలేదేమని అడిగితే దానికి జవాబు నిలబెట్టినవాళ్ళే చెప్పాలి.