తోడొచ్చినవాళ్ల బెంచీ

మేడం ఇక లేరని కరీంనగర్‌లో పీజీ చదువుతున్న నా ఆడబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. కలుపుతున్న జొన్నపిండి చేతికి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాను.

మేడం మంచిర్యాలలో మా దగ్గరి కాలేజీలో మహిళా అధ్యయనం చెప్పేవారు. మొదట్లో దానికి సొంత గది లేదు. మిగతా క్లాసులన్నీ అయ్యాక, సాయంత్రం, విరిగిన కుర్చీలు పడేసే గదిలో చెప్పేవారు. నాకు పెళ్లైన కొత్తలో నా ఆడబిడ్డ అందులో చేరింది. చీకటి పడే వేళ ఒక్కతే రావద్దని అత్తమ్మ నన్ను తోడు పంపేది. నేను చదివింది ఐదు వరకే. గుమ్మం బయట, నాలాగే వచ్చిన తల్లుల పక్కన నిలబడేదాన్ని.

ఒకరోజు మేడం పాఠం ఆపి బయటకు వచ్చారు.

"తోడొచ్చినోళ్లు దర్వాజకాడ నిలబడుడేంది? లోపల బెంచీ లేదా, ఫ్యాను లేదా?"

వెనక బెంచీ మాదైంది. ఆరోజే ఆమె పిల్లలను అడిగారు: "వీళ్లు ఏం పని ఇడిసిపెట్టి మీ ఎంట వచ్చిన్రో ఎవరికన్న ఎర్కేనా?"

మేడం నా వైపు చూశారు.

"బియ్యం నానబోసి వచ్చిన," అన్నాను, తల దించుకుని. పిల్లలు నవ్వారు.

"నవ్వుడైనంక రాసుకోండ్రి. గిది గూడ పాఠమే," అన్నారు మేడం, తానూ నవ్వుతూ.

అప్పటినుంచి పిల్లలు బీడీలు చుట్టే ఇళ్లకూ, శ్రీరాంపూర్ గని కాలనీలకూ వెళ్లి ఆడవాళ్ల పనుల గురించి అడిగి రాశారు. ఏటేటా చేరేవాళ్లు పెరిగారు. కిటికీలున్న పెద్ద గది వచ్చింది, తలుపు మీద రంగుల బోర్డు వచ్చింది. మా పాత బెంచీని మాత్రం మేడం తానే ఒక కొస పట్టుకుని కొత్త గదికి మోయించారు.

ఆడబిడ్డ డిగ్రీ అయిపోయాక నాకు అక్కడికి వెళ్లే వంక లేకుండా పోయింది. నాలాంటివాళ్ల కోసం మేడం ఆదివారాలు అదే గదిలో పదో తరగతి పాఠాలు మొదలుపెట్టారు. బజారులో కనబడి, "ఇన్నొద్దులు నువ్వు తోడొచ్చినవ్. ఇగ నీకు తోడెవరో సూస్కో," అన్నారు. అత్తమ్మను అడగడానికి నాకు నోరు రాలేదు. అంతలోనే ఈ కబురు.

ఆ సాయంత్రం అడిగేశాను. "అత్తమ్మా, నేను చదువుకుంట."

అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టింది. "ఒక్కదానివే ఎట్ల పోతవ్?"

కాదనేసిందనుకుని వెనక్కి తిరిగాను.

"నేనొస్త తియ్. గా బెంచీ మీద ఫ్యానుంటదంటివి గద."

మొన్న ఆదివారం మేడం దగ్గర చదివిన అమ్మాయే పాఠం చెప్పింది. మధ్యలో వెనక్కి తిరిగి చూశాను. అత్తమ్మ బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, గుమ్మంలో నిలబడ్డ ఎవరో తల్లిని చేత్తో పిలుస్తూ, పక్కకు జరుగుతోంది.