ఐదో మూత

మా ఆయన పోయాక ఆయన పనే నాకు మిగిలింది. అబిడ్స్ దుకాణాలు తిరిగి ఇన్వర్టర్ బ్యాటరీల్లో నీళ్లు పోస్తాను. నాంపల్లిలోని మా గది నుంచి డిస్టిల్డ్ వాటర్ డబ్బా మోసుకుని నడిచే వెళ్తాను. అక్షరాలు రావు గానీ గాజు గొట్టంలో రంగులు చదవగలను. బ్యాటరీకి ఆరు మూతలు, వాటి కింద ఆరు గదులు. మూత తీసి గొట్టంతో లోపలి ఆసిడ్ కొంచెం లాగితే అందులోని కాడ తేలుతుంది. ఆకుపచ్చ గీత దాకా లేస్తే మంచిది. ఎరుపు దగ్గరే కూలబడితే ఆ గది చచ్చినట్టే.

ఆ రోజు మందుల దుకాణంలో ఐదో మూత తీస్తే కాడ లేవలేదు. మళ్లీ లాగాను. లేవలేదు. కరెంటు పోతే అక్కడి ఫ్రిజ్‌కు ఆ బ్యాటరీయే దిక్కు. ఫ్రిజ్ నిండా ఇన్సులిన్.

"ఎట్లున్నది నీళ్లమ్మా?" సేటు కౌంటర్ దగ్గర నుంచే అడిగాడు.

"మంచిగనే ఉన్నది సేటు."

నేను చెబుతుంటే రాస్తున్న పక్కింటి టీచరమ్మ ఇక్కడ ఆగి నా వంక చూసింది. రాయమ్మా, అన్నాను. అబద్ధమే చెప్పాను.

ఎందుకంటే ఆ వరసలో బట్టల దుకాణం, చెప్పుల దుకాణం అప్పటికే లిథియం బ్యాటరీలు పెట్టించాయి. గోడకు తెల్ల డబ్బా. దానికి మూతలుండవు, అది నీళ్లడగదు. మొదట్లో దాని ధర వింటే సేట్లు నవ్వేవాళ్లు. ఇప్పుడది ఏటేటా దిగుతోందట.

"సర్కారోళ్లు సోలార్ పెట్టుకోమంటున్నరు" అన్నాడు సేటు. "పగటి కరెంటు గా డబ్బాల దాసి పొద్దుగూకినంక వాడుకోవాల్నట. బొగ్గు కాల్చుడు తగ్గుతదట."

"మంచిదే కద. మరి నా నీళ్లడబ్బా ఏడ దాసుకోవాలె?"

సేటు నవ్వాడు. "ఫికర్ చెయ్యకు. నువ్వు మంచిగున్నది అన్నన్ని దినాలు నేను మార్చను. నీ మాటే నాకు గ్యారంటీ కార్డు."

అప్పటి నుంచి మా గదిలో బల్బు మినుకుమంటే చాలు, నా ప్రాణం అబిడ్స్‌లో ఉండేది. పని లేకపోయినా అటు వెళ్లి, మాటలు కలుపుతూ ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి చూసేదాన్ని. దుకాణం మూసి ఉన్నప్పుడు కరెంటు ఎన్నిసార్లు పోయిందో నాకెలా తెలుస్తుంది?

రెండు వారాలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను అక్కడుండగానే కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపటికే బ్యాటరీ అయిపోతోందని కూత పెట్టింది. పాప కోసం ఇన్సులిన్ కొంటున్న ఒకామె సీసాను చెంపకు ఆనించుకుని, "సల్లగనే ఉన్నది" అంది. ఇంతలో కరెంటు వచ్చింది.

"చూసినవా, నీళ్లమ్మ చెయ్యి పడితే గట్లుంటది" అన్నాడు సేటు.

"గా సీసా ఇయ్యకు సేటు. ఐదో గది సచ్చింది."

"ఎప్పుడు?"

"రెండు వారాలాయె."

సేటు ఆమె చేతిలోని సీసా వెనక్కి తీసుకున్నాడు. వేరే దుకాణంలో తెచ్చుకోమని ఆమెను పంపేశాడు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ బయటికి తీశాడు. ఏది వెచ్చబడిందో, ఏది బాగుందో ఎవరు చెప్పగలరు?

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే తెల్ల డబ్బా వస్తదని."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీ మాట మీద గింతమందికి మందిచ్చిన కదమ్మా" అన్నాడు, అంతే.

మరునాడే తెల్ల డబ్బా గోడకెక్కింది. పాతది తిరిగి తీసుకోవడం అమ్మినవాళ్ల బాధ్యతేనట, బండిలో వేసుకుపోయారు. ఆ రెండు వారాల్లో ఇన్సులిన్ తీసుకెళ్లిన వాళ్లకు సేటు ఫోన్లు చేశాడు. అందరూ దొరకలేదని తర్వాత విన్నాను. దొరకని వాళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందు తిరుగుతుంటారు, మొహాలు తెలియకపోయినా.

ఆ వారమే జిరాక్స్ దుకాణానికి వెళ్లాను. మూతలన్నీ తీసి చూశాను.

"ఎట్లున్నదమ్మా?" అన్నాడు దుకాణమాయన, కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

గొట్టంలో ఆసిడ్ నింపి వెలుతురుకు ఎత్తి పట్టాను. కాడ ఆకుపచ్చ దగ్గరే తేలుతోంది. అయినా గొట్టాన్ని ఆయన కళ్ల ముందు పెట్టాను.

"మీరే చూడుండ్రి" అన్నాను.